చెప్పి చెయ్యి వేసే ఆయమ్మ

మా సంఘంలో ఆవిడని చిన్నాపెద్దా అందరూ ఆయమ్మ అనే పిలుస్తారు. ఆస్పత్రిలో ఆయాగా పనిచేసేది కాబట్టి ఆ పిలుపు అతుక్కుపోయింది. కొత్తగా వచ్చిన పాస్టరుగారికి అది మర్యాదగా తోచక, "అమ్మా, మిమ్మల్ని పేరుతో పిలవమంటారా?" అని ఒకసారి అడిగారు.

"వద్దు అయ్యగారూ. పేరుతో పిలిస్తే నేను పలకను. మొన్న పోస్టాఫీసులో నా పేరు పిలుస్తుంటే, ఎవరో పాపం రాలేదనుకుని నేనూ అటూ ఇటూ చూశాను" అంది.

ఆ తర్వాత ఆయన కూడా ఆయమ్మ అనే అన్నారు.

పెళ్ళయిన కొత్తల్లోనే భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. అమ్మానాన్నలు అంతకుముందే లేరు. మిగిలిందల్లా ఒక తమ్ముడు, అప్పటికింకా చదువుకుంటున్నాడు. వాణ్ణి ఒక దారికి తేవాలి, ఇద్దరూ తినాలి. తెలిసినవాళ్ళెవరో చెప్పి పెద్దాస్పత్రిలో ఆయాగా పెట్టించారు. ఆవిడకి దొరికింది లేవలేనివాళ్ళ వార్డు. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం విరిగినవాళ్ళు, వారాల తరబడి పడుకున్నచోటే ఉండేవాళ్ళు. రెండు వరుసల మంచాలు, మధ్యలో చక్రాల బండి పట్టేంత దారి, ఒక చివర నీళ్ళ పంపు, ఇంకో చివర ఎప్పుడూ సరిగా మూసుకోని కిటికీ. రోగుల ఒళ్ళు తుడవడం, పక్కలు మార్చడం, మలమూత్రాలు ఎత్తడం ఆవిడ పని.

మొదట్లో ఆ పనిని ఆవిడ గిన్నెలు తోమినట్టే చేసింది. ఆ మాట ఆవిడే చెబుతుంది. దుప్పటి లాగడం, తుడవడం, తిప్పడం, మళ్ళీ కప్పడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, నోరు అవతలి మంచం దగ్గరున్న ఇంకో ఆయాతో కబుర్లాడేది.

ఒకరోజు అలాగే, కొత్త చెప్పులు కరుస్తున్నాయని ఆ రెండో ఆయాతో చెబుతూ ఒక పెద్దాయన మీద దుప్పటి లాగేసింది. ఆయన ఒకప్పుడు దర్జీ. మాట పడిపోయింది, ఒక పక్క చచ్చుబడింది. బాగున్న చెయ్యి ఒక్కటే నెమ్మదిగా పక్కమీద వెతుక్కుంటూ పోయి దుప్పటి అంచు పట్టుకుంది. దాన్ని మీదికి లాక్కోవడానికి ఆయన చాలాసేపు కష్టపడ్డాడు. కళ్ళు మాత్రం పైకప్పు వైపే ఉన్నాయి. ఆవిడ చేతిలో తడిగుడ్డతో అలాగే నిలబడిపోయింది. చెప్పుల కబురు సగంలో ఆగిపోయింది.

ఆ ఆదివారం ఆరాధనలో అప్పటి ముసలి పాస్టరుగారు, ప్రతి మనిషిలోనూ దేవుని పోలిక ఉందని, దాన్ని గౌరవించకుండా చేసే స్తుతి పెదవుల చప్పుడేనని చెప్పారు. ఆ మాట ఆవిడ చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. ఈసారి మాత్రం వింటున్నంతసేపూ దుప్పటి అంచు వెతుక్కునే ఆ చెయ్యే కనపడింది.

"ఆ వారం దాకా నేను మంచాలు కడిగాను. సోమవారం నుంచి మనుషుల్ని కడిగాను" అని ఆవిడ చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పింది. అంతకుమించి వివరించలేదు. వివరించడం ఆవిడకి చేతకాదు.

సోమవారం వెళ్ళగానే స్టోరులో మూలపడి ఉన్న పాత తెర ఒకటి వెతికి తెచ్చుకుంది. చక్రం ఒకటి ఊడిపోతే తమ్ముడి చేత బిగింపించింది. అప్పటినుంచి ఏ మంచం దగ్గరికి వెళ్ళినా ముందు తెర వేసేది. తర్వాత మాట. "అన్నా, నేను ఆయమ్మని. ఒళ్ళు తుడవడానికి వచ్చా. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ముందు చెయ్యి తుడుస్తా. ఇదిగో, ఎత్తుతున్నా." చెప్పకుండా చెయ్యి వేసేది కాదు. తెలివిలో లేనివాళ్ళకి కూడా అంతే. వయసునుబట్టి అన్నా, తమ్ముడూ, పెద్దాయనా, పిన్నీ, చెల్లీ. వరస కలపకుండా ఎవరినీ వదిలేది కాదు.

తోటి ఆయాలు నవ్వేవాళ్ళు. "గోడ తుడిచినా గోడకి చెప్పే తుడుస్తావా ఏంటి?" అంటే, "గోడకి సిగ్గుంటే చెప్తాను" అనేది. డాక్టర్లు మొదట పట్టించుకోలేదు. పని ఆలస్యమవుతోందని పెద్ద నర్సమ్మ కొన్నాళ్ళు కసిరింది. తర్వాత తర్వాత, మొండికేసి ఎవరినీ దగ్గరికి రానివ్వని రోగి ఉంటే, "ఆయమ్మని పిలవండి" అనే మాట కూడా ఆ నర్సమ్మ నోటినుంచే వచ్చేది.

మా ఆరాధన ఒక ప్రింటింగ్ ప్రెస్సు పైనున్న హాల్లో జరిగేది. పక్కనుంచి ఇరుకుమెట్లు. ఆదివారం మిషన్లు ఆగి ఉన్నా సిరా వాసన మాత్రం పైకి వచ్చి మాతోపాటు కూర్చునేది. ఆయమ్మ పొద్దుటి డ్యూటీలోంచి కాసేపు సెలవడిగి, ఆయాసపడుతూ వచ్చి ఆఖరి బల్లమీద కూర్చునేది. ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లేచి, తన వార్డు గురించి చెప్పేది. పేర్లు ఎప్పుడూ చెప్పలేదు. "కిటికీ పక్క మంచం అన్న నిన్న కాలు కదిపాడు, దేవునికి స్తోత్రం. పంపు దగ్గర మంచం చెల్లి అన్నం ముట్టడం లేదు, ప్రార్థన చెయ్యండి." అంతే. అలా ఆ మంచాలన్నీ మాకు చుట్టాలైపోయాయి. మెట్లు దిగుతూ జనం, "ఆయమ్మా, కిటికీ అన్న ఇంటికెళ్ళాడా?" అని అడిగేవాళ్ళు. ముఖం చూడని మనుషుల కోసం అంతమంది మోకరించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

సంఘంలో ఆవిడకి ప్రాణస్నేహితురాలు ఒకామె ఉండేది. కూరగాయల దుకాణం ఆమెది. ఆమె గొంతు విప్పితే వీధి చివరిదాకా టమాటాల ధర తెలిసిపోయేది కాబట్టి అందరూ మైకు అనేవాళ్ళు. ఆమెకి కోపం లేదు. "మైకున్నచోట కరెంటు పోయినా నష్టం లేదు" అని తనే అనేది. ఎంత పెద్ద గొంతో అంత మెత్తని మనసు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు ఆమె గొంతు, వెనకాలే ఆమె కూరల సంచీ వచ్చేవి. ఆయమ్మని అక్కా అని పిలిచేది.

ఒకసారి ఆయమ్మ తన మనసు ఉండబట్టలేక ఆమెకి ఒక సంగతి చెప్పింది. వార్డులో ఒక పెద్దమనిషి, జీవితమంతా పదిమందికి పని చెప్పి బతికినవాడు, పక్క తడిపేసుకున్నానని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మైకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ బుధవారం ప్రార్థన కూడికలో ఆమె నిలబడి, గొంతెత్తి, ఆ పెద్దాయన కోసం విలపిస్తూ ప్రార్థించింది. పక్క తడిసిన సంగతి, ఆయన ఏడ్చిన సంగతి, ఏ మంచమో ఏ వయసో అన్నీ దేవుడికి పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ కూడికలో బట్టలకొట్టు యజమాని భార్య ఉంది. ఆ పెద్దమనిషి ఆమెకి స్వయానా మేనమామ. ఆమె ప్రార్థన మధ్యలోనే లేచి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆరాధనకి రాలేదు.

కూడిక అవగానే మెట్లమీద ఆయమ్మ మైకుని పట్టుకుంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆరోజు పెంచింది. "నీ నోటికి తలుపూ లేదు, గడియా లేదు. నీకు మనసులో మాట చెప్పడం కంటే బజార్లో తప్పెట కొట్టడం నయం" అంది. అందరూ విన్నారు. మైకు ముఖం వాడిపోయింది.

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏళ్ళు గడిచాయి. మా ఆరాధనలో అందరూ ఒకరికొకరు చెయ్యి కలిపి 'సమాధానం', అంటే శాంతి కలగాలని, చెప్పుకునే ఘట్టం ఒకటుంటుంది. అప్పుడు వీళ్ళిద్దరూ ఎదురుపడితే చేతులు కలిసేవి, కళ్ళు మాత్రం ఒకళ్ళవి ఫ్యాను వైపు, ఒకళ్ళవి కిటికీ వైపు ఉండేవి. పాస్టరుగారు ఇద్దరినీ తన ఇంటికి పిలిపించి టీ ఇచ్చి, క్షమాపణ గురించి చాలాసేపు మాట్లాడారు. ఇద్దరూ బుద్ధిగా విన్నారు. ఇద్దరూ "మంచి మాట చెప్పారు అయ్యగారూ" అన్నారు. ఇద్దరూ వేరు వేరు దారుల్లో ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యలోనే మైకు తండ్రికి పక్షవాతం వచ్చింది. తెచ్చి వేసింది ఆయమ్మ వార్డులోనే. ఆయమ్మ మైకుతో ఒక్క మాటా ఆడలేదు. ఆ పెద్దాయన్ని మాత్రం అందరినీ చూసుకున్నట్టే చూసుకుంది. రోజూ తెర వేసి, వరస కలిపి, చెప్పి చెప్పి ఒళ్ళు తుడిచింది. కొన్ని వారాలకి ఆయన కన్నుమూశాడు. సమాధి దగ్గర ఆయమ్మ వెనక వరసలో నిలబడి, మట్టి వేసి, వెళ్ళిపోయింది.

ఇదంతా అయ్యాక, ఆయమ్మ ఉద్యోగం ఇంకొద్ది కాలంలో ముగుస్తుందనగా, ఇంట్లో స్నానాలగదిలో కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. తను పనిచేసే ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేశారు. ఉన్నన్నాళ్ళూ తోటి ఆయాలు కంటికి రెప్పలా చూశారు. తెర వేశారు, చెప్పి చేశారు. ఒకప్పుడు నవ్వినవాళ్ళే. చిక్కు ఇంటికొచ్చాకే మొదలైంది.

ఆవిడా తమ్ముడూ ఉండేది పై అంతస్తులో రెండు గదుల వాటా. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. పెళ్ళి చేసుకోలేదు. ఎంత పెద్ద ఇంజన్నయినా విప్పి బిగిస్తాడు గాని నలుగురు ఆడవాళ్ళు గదిలోకొస్తే ఎటు నిలబడాలో తెలియక గోడకి అతుక్కుపోతాడు. అక్కకి వండిపెట్టేవాడు, మందులిచ్చేవాడు, దిండు సర్దేవాడు. ఒళ్ళు తుడిచే పని మాత్రం వాడి వల్ల కాదు, ఆవిడ ఒప్పుకోదు.

సంఘం ఆడవాళ్ళు వచ్చారు. ప్రేమతోనే వచ్చారు. మొదటిరోజు ముగ్గురు కలిసి ఆవిడని లేవదీసి, దుప్పటి తీసి, నీళ్ళు తెచ్చారు. ఒకామె భుజం పట్టుకుంది, ఒకామె కాళ్ళు పట్టుకుంది, మూడో ఆమె తుడుస్తూ, "పాపం, ఎట్లాంటి మనిషి ఎట్లా అయిపోయింది" అంది. "ఈ వయసులో ఎముక అతుక్కోవడం కష్టమేనంట" అని రెండో ఆమె. ఆయమ్మ మీదుగా ఆ మాటలు అటూ ఇటూ పోతున్నాయి. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎవరి మనసులోనూ కల్మషం లేదని ఆవిడకి తెలుసు. అయినా వాళ్ళు వెళ్ళాక తమ్ముడితో, "రేపటినుంచి ఎవరూ రానక్కర్లేదని చెప్పు. నేనే తుడుచుకుంటా" అంది.

తుడుచుకోలేకపోయింది. రోజులు గడిచేకొద్దీ గదిలో ఉక్క వాసన మొదలైంది. వీపుమీద ఎర్రబడింది. పుండు పడితే ఏమవుతుందో ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినా పళ్ళు బిగపట్టుకుని పడుకుంది. తమ్ముడు బతిమాలాడు, కసిరాడు, చివరికి ఒక మధ్యాహ్నం డిపోనుంచి నూనె చేతులతోనే సరాసరి కూరగాయల దుకాణానికి వెళ్ళి, మైకు ముందు నిలబడ్డాడు.

"ఏం కావాలి తమ్ముడూ?" అందామె.

వాడు వంకాయల వైపు చూస్తూ, "అక్క ఎవరినీ రానివ్వట్లేదు" అన్నాడు.

"నన్ను మాత్రం రానిస్తుందా?"

"రానివ్వదు. కానీ మీరైతే తిట్టినా వెళ్ళిపోరు కదా అని."

మైకు దుకాణం మీద గోనెపట్టా కప్పి, పక్క కొట్టామెకి చెప్పి, వాడి వెంట నడిచింది.

ఆ గదిలో జరిగింది తర్వాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. ముందు ఎవరు ఏడ్చారన్న ఒక్క సంగతిలో తప్ప ఇద్దరి మాటా కలిసింది.

మైకు లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. కిటికీ రెక్క మూసింది. తమ్ముడి బట్టలు ఆరేసే తాడు మంచానికి అడ్డంగా కట్టి, దానిమీద దుప్పటి వేలాడదీసింది. ఆయమ్మ గోడవైపు తల తిప్పుకుంది.

"ఎందుకొచ్చావు?"

"ఒళ్ళు తుడవడానికి."

"నాకేం అక్కర్లేదు."

"అక్కర్లేదంటే వెళ్ళిపోతాను. బయట నీ తమ్ముడు ఆనుకుని నిలబడి ఇల్లుగలాయన గోడంతా నూనె చేస్తున్నాడు. వాడి కోసమైనా కాస్త చూడు."

ఆయమ్మకి ఏదో తేడాగా అనిపించి తల ఇటు తిప్పింది. మైకు మాట్లాడుతున్నది గుసగుసగా. మంచం దాటి వినపడనంత సన్నగా.

"నీకు ఇంత చిన్న గొంతుందని నాకు తెలీదే."

"నువ్వు మెట్లమీద అన్నాక నేర్చుకున్నా అక్కా. ఇంట్లో దీనితోనే మాట్లాడతా. బజార్లో మాత్రం పాతదే, లేకపోతే వంకాయలు నాకే మిగులుతాయి."

ఆయమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. మైకు బేసిన్‌లో నీళ్ళు తొణకకుండా స్టూలు మీద పెట్టింది. మోచేత్తో వేడి చూసింది.

"గోరువెచ్చగా ఉన్నాయి. నువ్వు చెప్పందే చెయ్యి వెయ్యను. ముందు ఏం తుడవమంటావు?"

"ఇదంతా నీకెవరు నేర్పారు?"

మైకు గుడ్డ ముంచి పిండింది.

"మా నాన్నని నువ్వు తుడుస్తుంటే తెర ఇవతల కూర్చుని రోజూ విన్నా. 'పెద్దాయనా, తెర వేశాను, మీ అమ్మాయికి కనపడదు. ఇప్పుడు నడుం కింద తుడుస్తాను, నీళ్ళు చల్లగా ఉంటే చెయ్యి నొక్కండి' అనేదానివి. ఆయన నొక్కేవాడా?"

"నొక్కేవాడు. చల్లగా లేకపోయినా నొక్కేవాడు."

"నీకు ఆ రోజే దండం పెట్టాల్సింది. నోరు రాలేదు. అంత నోరుండి."

ఇక్కడే ఇద్దరి మాటా కలవదు. మైకే ముందు ఏడ్చిందని ఆయమ్మ అంటుంది, ఆయమ్మే ముందు ఏడ్చిందని మైకు అంటుంది. ఎవరు ముందైనా, ఏడుపు ఆగాక ఆయమ్మ అంది:

"నువ్వు చేసింది తప్పే. ఆ పెద్దాయన పరువు అది. కానీ నేనూ నిన్ను నలుగురిలో నిలబెట్టి ఒలిచేశాను. నా వార్డు మంచాల మీది మనుషుల మర్యాద చూసుకున్నాను గాని, నా చెల్లెలి మర్యాద చూసుకోలేదు."

"పోనీలే. ఇప్పుడు చెప్పు, ముందు ఏం తుడవను?"

"ముఖం" అంది ఆయమ్మ. "ముఖం నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు లోపలున్న మనిషికి తెలుస్తుంది, ఎవరో వచ్చారని."

మైకు ముఖం తుడిచింది. తర్వాత చేతులు. తర్వాత ఆయమ్మ చెప్పినట్టు నడుం కింద చెయ్యి ఆనించి, ఒక్క కుదుపు లేకుండా పక్కకి తిప్పింది. ఎర్రబడ్డ వీపు చూసి ఏమీ అనలేదు. మెత్తగా అద్ది, పొడి గుడ్డ వేసింది. చివర్లో తల దువ్వి జడ వేసింది. జడ వంకరగా వచ్చిందని ఆయమ్మ అంటే, "పడుకున్న మనిషికి ఎవరొచ్చి చూస్తారు?" అంది. "నువ్వు చూస్తున్నావుగా" అంటే విప్పి మళ్ళీ వేసింది.

బయట తమ్ముడికి లోపలినుంచి నవ్వు వినపడింది. వాడు మెట్లమీద కూర్చుని చేతులమీది నూనె తుడుచుకుంటూ ఉండిపోయాడు.

ఆ రోజునుంచి మైకు రోజూ వచ్చింది. ఒకరోజు వస్తూ దారిలో బట్టలకొట్టు ముందు ఆగింది. లోపలికి వెళ్ళి, గుడ్డలు మడతపెడుతున్న ఆ ఇల్లాలి ముందు నిలబడి, ఆ సన్నని గొంతుతోనే, "అమ్మా, ఆ బుధవారం మీ మామయ్యగారి గురించి నేనలా చెప్పాల్సింది కాదు. ఇన్నాళ్ళూ మీ కొట్టు ముందునుంచి నడవడానికే సిగ్గుపడి వెనకవీధిలోంచి పోతున్నా. నన్ను క్షమించండి" అంది.

ఆ ఇల్లాలు చేతిలో గుడ్డ మడతపెట్టి అరలో సర్దింది. తర్వాత అంది: "ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను. కానీ ఒకటి చెప్పనా? మామయ్య కోసం ఆ నెలలో గట్టిగా ఏడ్చింది మీరొక్కరే. మా ఇంట్లో అందరం డాక్టర్లు ఏమన్నారనే మాట్లాడుకున్నాం." వెళ్ళేటప్పుడు ఆయమ్మ కోసం మెత్తటి నూలు దుప్పటి ఒకటి చేతిలో పెట్టింది.

ఎముక అతుక్కుంది. వాకర్ పట్టుకుని ఇంటి మెట్లు ఒక్కొక్కటే, పక్కన తమ్ముడితో, దిగడం మొదలుపెట్టింది. ఆదివారం ఆరాధనకి వస్తానంది. తీరా వస్తే హాలు మెట్లు నిలువుగా, ఇరుగ్గా, ఎదురుగా ఉన్నాయి. వాకర్ వాటిమీద నిలవదు. కుర్రాళ్ళు నలుగురు కుర్చీ తెచ్చి, "కూర్చో ఆయమ్మా, ఎత్తుకుపోతాం" అని ఆవిడ జబ్బలు పట్టుకోబోయారు. పాస్టరుగారు మెట్లు దిగి వచ్చి వాళ్ళని ఆపారు.

"ఆయమ్మా, మీరెలా అంటే అలా. కుర్చీలో ఎత్తుకుని తీసుకెళ్ళమంటారా, మేమే కిందికి రావాలా?"

ఆవిడ మెట్ల వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. "కష్టమేం కాకపోతే మీరే కిందికి రండయ్యగారూ" అంది.

ప్రెస్సు యజమాని మా సంఘంలోవాడు కాడు. ఏ ప్రార్థనకీ వెళ్ళే అలవాటు లేని మనిషి. ఆదివారం లెక్కలు చూసుకోవడానికి వచ్చి అక్కడే ఉన్నాడు. విషయం విని, షట్టరు ఎత్తి, "రండి. సిరా అంటుకుంటే మాత్రం నా పూచీ లేదు" అన్నాడు. కాగితపు కట్టలు పక్కకి జరిపాం. పై బల్లలు కొన్ని దింపాం. మిగిలినవాళ్ళు మిషన్ల మధ్య ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడ్డారు. పాటలు ఆ ఇనుప సామాను మధ్య ఏదో కొత్త గొంతుతో పలికాయి. ప్రభు భోజనపు రొట్టె ముక్కలు చేతినుంచి చేతికి అందించుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పైన వరసల్లో కూర్చున్నప్పుడు మాకు కనిపించేవి ముందువాళ్ళ వీపులే. యజమాని గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ, రొట్టె తనదాకా రాబోయేసరికి తడబడి, "నాకొద్దులెండి" అని, మంచినీళ్ళ కూజా నింపి తెచ్చి పెట్టాడు.

ఇళ్ళకి వెళ్ళాక చూసుకుంటే సగంమంది తెల్లబట్టలకి నల్లమరకలు. ఎవరూ గొణుక్కోలేదు. మరుసటి ఆదివారం కూడా కిందే పెట్టుకున్నాం. అది తెలిసి, ఎన్నాళ్ళుగానో మెట్లెక్కలేక మానేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మలు, నెలలు నిండిన కోడలు, కర్రకాలు సైకిల్ మెకానిక్కు. వాళ్ళు రావడం మానేశారని కూడా మాకు పట్టలేదన్న సంగతి వాళ్ళు వచ్చాకే తెలిసింది. మూడో వారమో నాలుగో వారమో బట్టలకొట్టు ఇల్లాలు కూడా వచ్చి, పెద్దమ్మల పక్కన కూర్చుంది.

ఆయమ్మ మళ్ళీ వార్డు పనికి వెళ్ళలేకపోయింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. ఆవిడ ఖాళీగా కూర్చోలేని మనిషని తెలిసి పాస్టరుగారు, ఇళ్ళల్లో మంచాన పడ్డవాళ్ళని ఎలా చూసుకోవాలో సంఘంవాళ్ళకి నేర్పమన్నారు. ఒక శనివారం ప్రెస్సు గదిలోనే పెట్టారు. రోగిగా ఎవరు పడుకుంటారంటే ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఆవిడ తమ్ముణ్ణి బల్లమీద పడుకోబెట్టారు. వాడు చెవులదాకా ఎర్రబడి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"చూడండి, ఇలాగే ఉంటుంది లోపల" అంది ఆయమ్మ. "వీడు నిజంగా రోగి కాదు, బట్టలన్నీ ఒంటిమీదే ఉన్నాయి, అయినా చూడండి ఎలా బిగుసుకున్నాడో. ముందు ఆ బిగువు వదలాలి. తమ్ముడూ, నేను అక్కని. నీ ముఖం తుడుస్తాను."

వాడి భుజాలు కాస్త దిగాయి. ఆ తర్వాత ఆడా మగా జంటలు జంటలుగా వచ్చి, చెప్పి చెయ్యి వెయ్యడం నేర్చుకున్నారు. మొదటిరోజు ఆయమ్మ మీదుగా మాట్లాడుకున్న ముగ్గురూ అందులో ఉన్నారు. ఒకామె ఆగి, "ఆ రోజు మేం నీతో ఇలా చేసి ఉండాల్సింది, కదా?" అంది. "మీరు రావడం నాకు గుర్తుంది. వచ్చింది మీరే కదా" అంది ఆయమ్మ.

ఇప్పుడు వారానికి కొన్నిసార్లు సంఘంనుంచి ఇద్దరిద్దరు ఇళ్ళకి వెళుతున్నారు. సంఘంవాళ్ళ ఇళ్ళకే కాదు, ఎవరు పిలిస్తే వాళ్ళ ఇంటికి. ఆయమ్మా మైకూ ఒక జంట. ఈమధ్య వాళ్ళని పిలిచింది రైల్వే క్వార్టర్లలో ఒక ముసలామె కొడుకు. తల్లి ఎవరితోనూ మాట్లాడటం మానేసిందని, ముట్టుకుంటే అరుస్తోందని చెప్పాడు. వీళ్ళు వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. ఆయమ్మ తనెవరో చెప్పి, "నిన్ను ఏమని పిలవమంటావు?" అని అడిగింది.

ముసలామె పలకలేదు. కొడుకు తల్లి పేరు చెప్పబోతే ఆయమ్మ చేత్తో వారించి ఊరుకుంది. అంతసేపు నోరు కదపకుండా కూర్చోవడం మైకుకి ఎంత కష్టమైందో ఆమెకే తెలియాలి.

చాలాసేపటికి ముసలామె పెదవులు కదిలాయి. "చిట్టి" అంది. "మా అమ్మ చిట్టీ అనేది."

కొడుకు తెల్లబోయాడు. ఆ పిలుపు వాడెన్నడూ వినలేదు.

"చిట్టీ, నీ ముఖం తుడవమంటావా?" అని అడిగింది ఆయమ్మ.

ముసలామె తల ఊపింది. ఇద్దరూ కలిసి తెర కట్టారు, ఒళ్ళు తుడిచారు, తల చిక్కుతీశారు. పని అయ్యేసరికి ఆమె నిద్రపోయింది. కొడుకు వాళ్ళని వీధి చివరిదాకా సాగనంపాడు. "రేపు పొద్దున్న నువ్వు కూడా ఓసారి అలా పిలిచి చూడు నాయనా" అని చెప్పి ఇద్దరూ కదిలారు. బకెట్టు నేను పట్టుకుంటానంటే నేనని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ, బస్సు స్టాండు దాకా అదే తగువు.